రాజమరణాలు – శాసనాల సాక్ష్యం

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని శాసనం క్రీ.శ. 1163 నాటిది. కాకతి రుద్రదేవుని విజయాలను వర్ణించే ఈ సంస్కృత శాసనంలో ఒక విచిత్రమైన మరణవార్త ఉన్నది. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ తైలపుడు రుద్రదేవునికి భయపడి, ఆ భయంవల్ల అతిసారం పట్టుకొని మరణించాడట! చోడోదయుడనే మరొక ప్రభువుకు రోగంకూడా అవసరం కాలేదు. రుద్రుని భయమే అతని ప్రాణం తీసిందని శాసనకవి అచింతేంద్రుడు వ్రాశాడు.

ఇది చదివి నేటివారు నవ్వుకోవచ్చు. కాని కవి వట్టి గాలిమాట చెప్పలేదు. చరకసంహితలో అతిసారం ఆరు విధాలు. భయంవల్ల కలిగేది, శోకంవల్ల కలిగేది వాటిలో రెండు. భయం కలిగినపుడు నాడీమండలం ప్రేవుల కదలికను త్వరపరుస్తుందని నేటి శరీరశాస్త్రంకూడా అంగీకరిస్తుంది. పరీక్షకు ముందు ఎందరో విద్యార్థులకు ఇది అనుభవమే. అయితే అంతమాత్రాన మనిషి చనిపోడు. అతిసారంలో ప్రాణం తీసేది శరీరంలోని నీరు, లవణాలు వేగంగా నష్టమై పోవడం. అంతటి నష్టాన్ని సాధారణంగా కలిగించేవి కలుషితమైన నీటిలోని, ఆహారంలోని సూక్ష్మజీవులు. తైలపుని రాజ్యాన్ని అప్పటికే కలచూరి బిజ్జలుడు ఆక్రమించాడు. రాజధాని పోయి, దండువిడుదులలో తిరిగే ప్రభువుకు దొరికే నీరు ఎటువంటిదో ఊహించవచ్చు. కాబట్టి రోగం నిజమే కావచ్చు. దాని కారణాన్ని మాత్రం కవి తన ప్రభువు కీర్తికి తగినట్లు అమర్చుకొన్నాడు.

రాజుల మరణాలను గురించి చదివేటప్పుడు ఈ రెండింటినీ, అనగా జరిగిన సంగతిని, దానికి చెప్పిన కారణాన్ని, వేరుచేసి చూడవలసి ఉంటుంది. చెప్పేవాడు ఎవరు, అతడు ఎవరి ఉప్పు తిన్నాడు అన్నది మొదటి ప్రశ్న.

ఈ విషయంలో అందరికంటె ఎక్కువ సామగ్రి ఉన్నది రోము సామ్రాజ్యానికి. అగస్టసు మొదలు క్రీ.శ. 395లో మరణించిన థియోడోసియసు వరకు 69 మంది చక్రవర్తులను తీసుకొని, యంత్రభాగాల మన్నికను లెక్కగట్టే గణితపద్ధతిని వారికి వర్తింపజేసి, 2019లో సాలే అనే ఇంజనీరింగు ఆచార్యుడు ఒక పరిశోధన ప్రకటించాడు. 69 మందిలో 43 మంది హత్యవల్లనో, యుద్ధంలోనో, ఆత్మహత్యవల్లనో పోయారు. నూటికి 62 మంది అన్నమాట. ఇంతకంటె ఆసక్తికరమైనది ఆ ప్రమాదం కాలక్రమంలో మారే తీరు. పట్టాభిషేకం జరిగిన మొదటి సంవత్సరంలో అపాయం అత్యధికం. ఆ తరువాత అది క్రమంగా తగ్గి, ఎనిమిదవ సంవత్సరానికి కనిష్ఠస్థాయికి చేరుతుంది. పన్నెండు సంవత్సరాలు దాటిన తరువాత మళ్లీ పెరుగుతుంది. కొత్త పంపుసెట్టులో లోపమేదైనా ఉంటే మొదటి నెలల్లోనే బయటపడడం, ఆ గండం గడిస్తే చాలకాలం పనిచేయడం, చివరికి అరిగిపోయి ఆగిపోవడం రైతులందరూ ఎరిగినదే. రోము సింహాసనం ధర్మంకూడా ఇంచుమించు అట్లాగే ఉన్నది.

మొదటి సంవత్సరపు గండానికి మంచి ఉదాహరణ క్రీ.శ. 193. ఆ యేడు పెర్టినాక్సు చక్రవర్తి 87 రోజులు ఏలి, తన అంగరక్షక దళం చేతిలోనే చచ్చాడు. ఆ దళంవారు సింహాసనాన్ని వేలం వేయగా కొనుక్కొన్న డిడియసు జూలియానుసు 66 రోజులకు మించి దానిమీద కూర్చోలేదు.

కాకతీయులకు ఇటువంటి వక్రరేఖ గీయడం సాధ్యం కాదు. స్వతంత్రులై ఏలినవారు అయిదుగురే. అయిదుగురిని బట్టి గణితసూత్రం కడితే అది శాస్త్రం అనిపించుకోదు. కాని ఒక్కొక్కరి మరణానికీ ఉన్న సాక్ష్యాన్ని పరిశీలించవచ్చు.

రుద్రదేవుడే మొదటివాడు. నేటి జగిత్యాల దగ్గరి పొలాస ఆనాడు పొలవాస. గోదావరి దాటితే ఆదిలాబాదు సీమ. పొలవాస పాలకులైన మేడరాజు, దొమ్మరాజులను రుద్రదేవుడు ఓడించి, ఆ సబ్బినాడును తన మంత్రి గంగాధరునికి అప్పగించాడు. 1170 నాటి గంగాధరుని శాసనం కరీంనగరులో దొరికింది. ఇన్ని విజయాలు పొందిన రాజు సుమారు 1195లో దేవగిరి యాదవుల చేతిలో హతుడైనాడు. ఈ సంగతి చెప్పినవాడు యాదవుల మంత్రి హేమాద్రి. జైతుగి యుద్ధభూమిని యజ్ఞశాలగా చేసి, తైలంగాధిపతిని యజ్ఞపశువుగా బలి ఇచ్చాడని ఆయన వర్ణన. దీనిని పట్టుకొని అక్కడ నిజంగానే నరబలి జరిగిందనడం పొరపాటు. శత్రువుల తలలను హోమద్రవ్యాలుగా చెప్పే రూపకంలో అది ఒక భాగం. రూపకాన్ని తీసివేస్తే మిగిలేది యుద్ధంలో రాజు చనిపోవడమే. తైలపుని చావును గురించి కాకతీయుల కవి చేసిన పనినే, కాకతీయుని చావును గురించి యాదవుల మంత్రి చేశాడు.

సరిగా అదే 1195లో కాన్‌స్టాంటినోపుల్‌లో రెండవ ఐజాకు చక్రవర్తి వేటకు వెళ్లగా, అతని సొంత అన్న అలెక్సియసు సింహాసనం ఆక్రమించి తమ్ముని కన్నులు పొడిపించాడు. అంగవైకల్యం ఉన్నవాడు చక్రవర్తిగా ఉండరాదని బైజాంటియంలో ఒక భావన. అందుచేత అక్కడ చంపడానికి బదులు గుడ్డివానిని చేయడం ఒక రాజనీతి అయి కూర్చున్నది. దానికి పదేళ్ల ముందు, 1185లో, మొదటి ఆండ్రోనికసును నగర ప్రజలే వీధులలో చిత్రహింసలు పెట్టి చంపారు. పోల్చి చూస్తే తేడా స్పష్టం: అక్కడి చక్రవర్తికి మృత్యువు తరచుగా ఇంటిలోనుంచి వచ్చింది, కాకతీయునికి సరిహద్దు అవతలనుంచి వచ్చింది.

రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు నాలుగేళ్లలోనే దేవగిరిమీద దండెత్తి అక్కడ మరణించాడు. ఏనుగుమీదనే ఒరిగిపోయాడని తరువాతివారు చెప్పుకొన్నారు. అతని కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. రాజు మరణించాడు, వారసుడు చెరలో ఉన్నాడు. సామంతులు తలలెత్తడానికి అంతకంటె ఏమి కావాలి? ఆ సమయంలో రాజ్యాన్ని నిలబెట్టిన సేనాని రేచర్ల రుద్రుడు. 1213 నాటి పాలంపేట శాసనం అతనిదే; రామప్పగుడి కట్టించినవాడుకూడా అతడే. సింహాసనం ఖాళీగా ఉండగా సైన్యం చేతిలో ఉన్న రోము సేనాని ఏమి చేసేవాడో ఆ దేశచరిత్ర పుటపుటా చెబుతున్నది. రేచర్ల రుద్రుడు దానిని యజమానికోసం కాపాడాడు. యాదవులు విడిచిపెట్టగా 1199లో తిరిగి వచ్చిన గణపతిదేవుడు 60 సంవత్సరాలకు పైగా ఏలాడు.

దీనికి పక్కన నాలుగవ రోమానసు కథను పెట్టి చూడాలి. 1071లో మాంజికర్టు యుద్ధంలో అతడు తురుష్కులకు పట్టుబడ్డాడు. సుల్తాను ఆల్ప్ అర్స్లాన్ అతనిని గౌరవించి విడిచిపెట్టాడు. తిరిగి వచ్చిన చక్రవర్తిని స్వజనులే పట్టుకొని గుడ్డివానిని చేశారు. ఆ పుండ్లతోనే 1072లో మరణించాడు. శత్రువు చెరలో క్షేమంగా ఉన్నవాడు సొంత ఇంటిలో బతకలేకపోయాడు.

అయితే ఓరుగల్లులో ఇంటిపోరే లేదనుకోరాదు. రుద్రమదేవి అంతం అందుకు నిదర్శనం. ఆమె 1295 ప్రాంతం వరకు జీవించి, మనుమడు ప్రతాపరుద్రునికి రాజ్యం అప్పగించి ప్రశాంతంగా కన్నుమూసిందని చాలకాలం పుస్తకాలలో వ్రాశారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన చిన్న శాసనం ఆ కథను మార్చివేసింది. దాని తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే బంటు, శివలోకం చేరిన రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికీ పుణ్యంగా కొంత భూమిని దేవునికి ఇచ్చాడు. శాసనంలో యుద్ధవర్ణన లేదు. రాణీ, సేనానీ ఒకేసారి మరణించడం, ఆ రోజులలోనే కాయస్థ సామంతుడు అంబదేవుడు తిరుగుబాటు చేసి ఉండడం, 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలను చాటుకోవడం, వీటిని కలిపి ఆమె అంబదేవునితో పోరులో మరణించిందని చరిత్రకారులు ఊహించారు. ఊహ బలమైనదే, కాని ఊహే. తేదీ మాత్రం ఊహ కాదు. మహాకవులు పొగిడిన శాసనాలకంటె, ఎవరి మెప్పునూ కోరని ఈ బంటు మాటకు ఎక్కువ విలువ ఇవ్వవలసి ఉంటుంది.

చివరివాడు ప్రతాపరుద్రుడు. 1323లో ఉలుఘ్‌ఖాన్, అనగా తరువాత మహమ్మదుబిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లు కోటను పట్టుకొని రాజును ఢిల్లీకి పంపించాడు. తరువాతి కాలపు ప్రతాపచరిత్రము ప్రకారం సుల్తాను ఆయన దైవాంశను గుర్తించి విడిచిపెట్టగా, రాజు ఓరుగల్లుకు తిరిగి వచ్చాడు. ఇటువంటి కథకు కారణం తెలుసుకోవడం కష్టం కాదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడలదగ్గర పోరుతూ మరణించిన పదకొండవ కాన్‌స్టాంటైను శవం నిశ్చయంగా గుర్తింపబడలేదు. ఆయన చలువరాతి శిల్పంగా మారి నిద్రిస్తున్నాడనీ, మేలుకొని వస్తాడనీ గ్రీకులు తరతరాలు నమ్మారు. అంత్యక్రియలు కళ్లారా చూడని రాజును ప్రజలు త్వరగా చావనివ్వరు.

శాసనాల మాట వేరు. ముసునూరి ప్రోలయనాయకుడు వెన్నయ అనే బ్రాహ్మణునికి విలస గ్రామాన్ని దానం చేస్తూ వేయించిన రాగిరేకులు, ఓరుగల్లు పతనం తరువాత కొద్ది సంవత్సరాలకే పుట్టినవి. ఢిల్లీకి తీసుకొనిపోతుండగా ప్రతాపరుద్రుడు సోమోద్భవ, అనగా నర్మదానది, తీరంలో మరణించాడని అవి చెబుతున్నాయి. నూరేళ్ల తరువాత, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం మరొక్క మాట చేర్చింది: ఆయన తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్లాడని. దీనిని ఆత్మహత్య అని కొందరు వ్యాఖ్యానించారు. మరణించిన రాజును గురించి గౌరవంగా పలికే పలుకుబడిగాకూడా దానిని చదవవచ్చు. రెండు శాసనాలలో మొదటిదే సంఘటనకు దగ్గరిది; అది నది పేరు చెప్పి ఊరుకొన్నది.