భారత హరిత భవన మండలి – సారథులు

హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా పనిచేస్తున్న భారత హరిత భవన మండలిని భారత పరిశ్రమల సమాఖ్య (సి.ఐ.ఐ.) 2001లో నెలకొల్పింది. కట్టడం పూర్తయిన పిదప దాని దిశను, గోడలను, కిటికీలను మార్చడం దుస్సాధ్యం. దశాబ్దాలపాటు అయ్యే విద్యుత్తు, నీటి వినియోగం ఆ తొలి నిర్ణయాలపైనే ఆధారపడి ఉంటుంది. కావున ప్లాను దశలోనే నిర్మాతలను ఒప్పించడం మండలి సారథుల ముఖ్య బాధ్యతగా ఉంటూ వచ్చింది.

ఎయిర్ కండిషనింగ్ రంగ ఇంజనీరు డాక్టర్ ప్రేమ్ సి. జైన్ మండలికి సుదీర్ఘకాలం అధ్యక్షులుగా వ్యవహరించి, 2018లో మరణించారు. అనంతరం హడ్కో మాజీ అధిపతి వి. సురేష్, ఆ తరువాత గుర్మీత్ సింగ్ అరోరా ఆ బాధ్యతలు నిర్వహించారు.

మండలి ఆశయానికి తొలి నిదర్శనం హైదరాబాద్‌లోని సి.ఐ.ఐ. – సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పిరోజ్షా గోద్రెజ్ ఫౌండేషన్, సి.ఐ.ఐ. భాగస్వామ్యంతో, వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపకల్పనలో సుమారు 20,000 చదరపు అడుగుల ఈ భవనం నిర్మితమైంది. అమెరికా వెలుపల 'లీడ్' ప్లాటినం శ్రేణి పొందిన మొదటి భవనంగా 2003లో గుర్తింపు పొందింది. 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు. జంషీద్ గోద్రెజ్ ఈ కేంద్రానికి అధ్యక్షత వహించారు.

స్థలం, నీరు, ఇంధనం, నిర్మాణ సామగ్రి, లోపలి గాలి నాణ్యత అంశాలవారీగా పాయింట్లు కేటాయించి భవనాలకు శ్రేణి నిర్ణయిస్తారు. కొత్త కట్టడాలతోపాటు వినియోగంలో ఉన్న భవనాల నిర్వహణకు సైతం మండలి ప్రత్యేక ప్రమాణాలు రూపొందించింది. నిర్వహణ కుంటుపడితే నిర్మాణంలో సాధించిన పొదుపు నిలవదన్నదే ఇందుకు కారణం.