నేల ఎవరిది, గగనం ఎవరిది? సమాఖ్య అధికార పరిమితులపై హైదరాబాద్ సంస్థానం తీసుకున్న న్యాయ సలహాలు

మీలో చాలామంది శంషాబాద్ విమానాశ్రయం మీదుగా ఎప్పుడో ఒకసారి వెళ్లే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఒక విషయం గమనించండి. టెర్మినల్ ద్వారం దగ్గర మీ టికెట్టు చూసేది సీఐఎస్ఎఫ్ జవాను, అంటే కేంద్ర బలగం. బయట రోడ్డు మీద వాహనాలను నిలిపేది రాష్ట్ర పోలీసు. దాదాపు 5,500 ఎకరాల ఆ స్థలాన్ని కౌలుకు ఇచ్చింది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. విమానాశ్రయం కట్టి నడుపుకోవడానికి 2004లో అనుమతి ఒప్పందం చేసుకున్నది కేంద్ర పౌర విమానయాన శాఖ. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు నిర్వహణ సంస్థలో రాష్ట్రానికి 13 శాతం, కేంద్రానికి చెందిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటా ఉండేది. భూమి రాష్ట్ర జాబితాలోది, విమానయానం కేంద్ర జాబితాలోది. ఈ రెండూ ఒకే ప్రహరీ లోపల కలిసి ఉన్నాయి.

ఈ విభజన 1950లో రాజ్యాంగంతో హఠాత్తుగా వచ్చిందని అనుకోకండి. 1935 భారత ప్రభుత్వ చట్టంలోని సమాఖ్య జాబితాలోనే విమానాలు, విమానాశ్రయాల ఏర్పాటు ఉన్నాయి. ఆ జాబితా తమకు ఎంతవరకు వర్తిస్తుందన్న ప్రశ్నను అందరికంటే పట్టుదలగా అడిగింది హైదరాబాద్ సంస్థానం. అది న్యాయవాదుల చేత అడిగించింది. ఈ భాగంలో మనం చదవబోయేది ఆ కథ.

మొదట బేరార్ సంగతి చూద్దాం. 1853 ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లిన బేరార్‌ను 1902లో కర్జన్ కాలంలో ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు కింద బ్రిటిష్ ప్రభుత్వం ఉంచుకుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1920లలో దానిని తిరిగి ఇవ్వమని కోరాడు. విదేశీ వ్యవహారాలు మినహా మిగిలిన విషయాల్లో తాను బ్రిటిష్ ప్రభుత్వంతో సమాన హోదాలో ఉన్నానని వాదించాడు. దానికి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ 1926 మార్చి 27న జవాబు రాశాడు. భారతదేశంలో బ్రిటిష్ కిరీటానిదే అత్యున్నత అధికారమనీ, అది కేవలం ఒప్పందాల మీద ఆధారపడి లేదనీ, ఏ సంస్థానాధీశుడూ సమాన స్థాయిలో బేరమాడలేడనీ ఆ లేఖ సారాంశం.

ఈ లేఖ హైదరాబాద్‌నే కాదు, దేశంలోని సంస్థానాధీశులందరినీ కలవరపెట్టింది. ఒప్పందాలు అధికారానికి హద్దు కాకపోతే, ఇక హద్దు ఏది? ఈ ప్రశ్నతో పాటు సంస్థానాల ఆర్థిక సంబంధాలను కూడా పరిశీలించడానికి 1927 డిసెంబరులో హార్‌కోర్ట్ బట్లర్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. నరేంద్ర మండలి స్థాయీ సంఘం తన తరఫున సర్ లెస్లీ స్కాట్‌ను నియమించుకుంది. హైదరాబాద్ ఆ మండలికి దూరంగానే ఉంది. కానీ స్కాట్‌తో సహా ఐదుగురు న్యాయవాదులు 1928 జూలైలో ఇచ్చిన అభిప్రాయం హైదరాబాద్ వాదనకు కూడా ప్రాణం పోసింది.

ఆ అభిప్రాయాన్ని కొంచెం నెమ్మదిగా చదవండి. సంస్థానాలకు మొదటి నుంచీ పూర్తి సార్వభౌమాధికారం ఉంది. అందులో కిరీటానికి అంగీకారంతో బదిలీ అయిన భాగం పోగా మిగిలినదంతా వారిదే. వారి సంబంధం బ్రిటిష్ కిరీటంతో మాత్రమే. కాబట్టి ఆ హక్కులను, బాధ్యతలను వారి సమ్మతి లేకుండా మూడో పక్షానికి, అంటే రేపు రాబోయే భారతీయ ప్రభుత్వానికి, అప్పగించడం కుదరదు. ఒక్క మాటలో చెప్పాలంటే, పై అధికారం ఇచ్చినంతే, ఇవ్వనిది లేదు.

1929 ఫిబ్రవరిలో వచ్చిన బట్లర్ నివేదిక దీనిలో సగమే ఒప్పుకుంది. సంస్థానాధీశుల సమ్మతి లేకుండా వారిని భారతీయ శాసనసభకు బాధ్యత వహించే ప్రభుత్వానికి అప్పగించరాదని చెప్పింది. కానీ పారమౌంట్సీకి, అంటే ఆ పరమాధికారానికి, నిర్వచనం ఇవ్వడానికి నిరాకరించింది. హద్దు గీయమని వెళ్తే కొలతకర్ర తమ దగ్గరే ఉంచుకున్నారన్నమాట. రీడింగ్ లేఖలోని దర్పం నివేదికలో మర్యాదగా మారిందే తప్ప పోలేదని నా అభిప్రాయం.

1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి హైదరాబాద్ ప్రతినిధి వర్గాన్ని సర్ అక్బర్ హైదరీ నడిపించాడు. అఖిల భారత సమాఖ్యకు సంస్థానాలు సూత్రప్రాయంగా సరేనన్నాయి. ఆ తర్వాతే అసలు పని మొదలైంది. 1933 నుంచి ఆంగ్ల న్యాయవాది వాల్టర్ మాంక్టన్ నిజాంకు రాజ్యాంగ సలహాదారు అయ్యాడు. 1936లో ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసనం వదిలినప్పుడు ఆయనకు సలహాలిచ్చింది కూడా ఈయనే.

1935 చట్టం ప్రకారం రాష్ట్రాలు సమాఖ్యలో తమంతట తామే చేరిపోతాయి. సంస్థానాలు మాత్రం ప్రవేశ పత్రం మీద సంతకం చేస్తేనే చేరతాయి. సమాఖ్య జాబితాలోని 59 అంశాల్లో ఏవి అంగీకరిస్తున్నాం, ఏ షరతులతో అంగీకరిస్తున్నాం అన్నది ఆ పత్రంలో రాయాలి. ఇప్పుడు హైదరాబాద్ పరిస్థితి ఊహించండి. సొంత నాణెం, అంటే హాలీ సిక్కా; సొంత తపాలా బిళ్లలు; సొంత సుంకాలు; 1930లో సర్కారే కొన్న రైల్వే. జాబితాలోని ప్రతి వరుసా ఖజానాకో, ప్రతిష్ఠకో తగులుతుంది. అందుకే సలహాదారులు ప్రతి అంశానికీ మినహాయింపు మాటలు వెతికారు. 1936 అక్టోబరు ఒప్పందంలో బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని మాటవరసకు గుర్తించి, పరిపాలన మాత్రం మధ్య పరగణాలతో కలిపే ఉంచారు. యువరాజుకు ‘బేరార్ యువరాజు’ అనే బిరుదు దక్కింది.

సంస్థానాలకు ఎగువసభలో కేటాయించిన 104 స్థానాల్లో సగానికి సరిపడే సంస్థానాలు, వాటి మొత్తం జనాభాలో సగంతో చేరితేనే సమాఖ్య మొదలవుతుంది. 1939 జూన్‌లో బొంబాయిలో కూడిన సంస్థానాధీశులు తమకు ఇచ్చిన షరతులు చాలవన్నారు. సెప్టెంబరులో యుద్ధం రావడంతో వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఆ ప్రయత్నాన్ని నిలిపివేశాడు.

ఈ సలహాలన్నింటిలో ఎక్కడా కనిపించని పక్షం ఒకటుంది. సంస్థానంలోని ప్రజలు. స్కాట్ అభిప్రాయంలో ‘సమ్మతి’ అన్నది పాలకుడి సమ్మతి. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఏర్పడక ముందే నిజాం ప్రభుత్వం దానిని నిషేధించింది. సమాఖ్యాధికారానికి అంత జాగ్రత్తగా హద్దులు గీసినవారు నిజాం అధికారానికి ఒక్క హద్దు కూడా గీయలేదు. న్యాయవాది కక్షిదారు చెప్పినదే వాదిస్తాడు, నిజమే. చరిత్ర విద్యార్థి మాత్రం ఈ లోటును చూడకుండా దాటిపోకూడదు.

1947 ఆగస్టు 15న చట్టరీత్యా పారమౌంట్సీ ముగిసింది. ఇరవై ఏళ్ల వాదన ఇప్పుడు నిజాం చేతిలో ఆయుధమైంది. ఎవరికీ బదిలీ కాని అధికారం తన దగ్గరికే తిరిగి వచ్చిందన్నాడు. మాంక్టన్ ఆ సూత్రాన్ని ఎరిగినవాడే. కానీ నలువైపులా భారత భూభాగం, తీరం లేని దేశం. ఢిల్లీతో ఏదో ఒక ఒడంబడిక తప్పదని ఆయన గ్రహించాడు. ఛతారీ నవాబు, మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ బేరమాడిన యథాతథ ఒప్పందాన్ని ఢిల్లీకి తీసుకెళ్లాల్సిన రోజు, అక్టోబరు 27 తెల్లవారుజామున, రజాకార్ల గుంపులు వారి ఇళ్లను చుట్టుముట్టాయి. ప్రతినిధి వర్గం మారింది, ప్రధాని మారాడు. ఒప్పందం మాత్రం దాదాపు అదే రూపంలో నవంబరు 29న సంతకమైంది. దానివల్ల భారత్‌కు పారమౌంట్సీ సంక్రమించదనీ, వివాదాలను మధ్యవర్తులకు నివేదించాలనీ అందులో రాసుకున్నారు. న్యాయవాదుల ముద్ర ఆ మాటల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

ఏడాది కాలానికి చేసుకున్న ఆ ఒప్పందం నెలల్లోనే బీటలు వారింది. భారత నాణేన్ని సంస్థానంలో చెల్లకుండా చేయడం, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం ఇవ్వడం ఒప్పంద భంగమని ఢిల్లీ అంది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో ఆయుధాలు తెచ్చి సంస్థానంలో దించాడు. గగనం ఎవరిదన్న ప్రశ్నకు కాగితం మీద మాత్రమే ఉన్న ప్రాముఖ్యం అప్పుడు అందరికీ కనిపించే రూపం ధరించింది. 1948 జూన్‌లో మాంక్టన్ చివరి ముసాయిదాను తెచ్చాడు, నిజాం కాదన్నాడు. సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17తో ముగిసింది. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ నిజాం ఫర్మానా జారీ చేశాడు. ఈసారి జాబితాలో మినహాయింపు మాటలు లేవు.

ఇప్పుడు మీ రాజ్యాంగ ప్రతిలో ఏడవ షెడ్యూలు తెరవండి. కేంద్ర జాబితాలో 29వ అంశాన్ని, రాష్ట్ర జాబితాలో 2, 18 అంశాలను, ఉమ్మడి జాబితాలో 42వ అంశాన్ని చదవండి. శంషాబాద్‌లో రేపు రన్‌వే పొడిగించడానికి పక్క గ్రామంలోని భూమి కావాలంటే, ఈ నాలుగింటిలో ఏ అంశం కింద ఎవరు ఏ ఉత్తర్వు ఇవ్వాలో ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలోని కౌన్సెలర్‌తో చర్చించండి.