వేంగి కొండ, ధాన్యకటకము, నల్లగండ్ల బండ

నల్లగండ్ల పరిసరములందును, దాని నానుకొనియున్న హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణమునందును, బహుళాంతస్తుల భవనములకు చోటిచ్చి పోగా మిగిలిన రాతిగుండ్లు నేటికిని ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్నవి. ఈ శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూతత్త్వవేత్తలు చెప్పుదురు. అనగా కన్ను అను ఇంద్రియము లోకమున పుట్టుటకు ఎంతయో ముందే ఇది భూగర్భమున కరగి గడ్డకట్టినది. చూచువాడే లేని ఆ కాలమున బండ ‘ఉన్నది’ అనుటకు అర్థమేమి? 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయమున నేడు తత్త్వశాస్త్ర విద్యార్థులు తర్కించుకొను ఈ ప్రశ్నపై, తెలుగుదేశముతో సంబంధముగల ఇద్దరు బౌద్ధాచార్యులు క్రీ.శ. 6వ శతాబ్దినాటికే విరుద్ధములైన సమాధానములు చెప్పియుండిరి.

మొదటివాడు దిఙ్నాగుడు. కాంచీపుర ప్రాంతమున జన్మించిన ఈ మహాతార్కికుడు, వేంగి రాజధానికి నైరృతి దిశనున్న ఒక ఒంటరి కొండపై నివసించి హేతువిద్యాగ్రంథమును రచించెనని, 7వ శతాబ్దిలో ఈ దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యుయన్ త్సాంగ్ వ్రాసెను. ఎనిమిది కారికలు మాత్రమే గల ఆతని ‘ఆలంబనపరీక్ష’ యందలి వాదము ఇది: జ్ఞానమునకు విషయము కాదగిన వస్తువు ఆ జ్ఞానమును పుట్టింపవలెను, అందు తన ఆకారముతోనే భాసింపనువలెను. పరమాణువులు జ్ఞానమును పుట్టించునని ఒప్పుకొన్నను, పరమాణువు ఎవ్వరికిని కనుపింపదు. కనుపించునది వాని సముదాయము, అదియో, కంటిజబ్బు గలవానికి తోచు రెండవ చంద్రునివలె వస్తుతః లేనిది గావున దేనికిని కారణము కాజాలదు. అణువులే కూడి కనుపించునందురా, కుండయు మూకుడును ఒకేవిధమైన అణువులతో అయినవి గదా, రెంటిని చూచినప్పుడును ఒకే జ్ఞానము కలుగవలసివచ్చును. కావున వెలుపల నున్నట్లు తోచెడి రూపము జ్ఞానమునకు లోపలిదేయని ఆతని సిద్ధాంతము. కుమ్మరివాని ముంగిట ఎండుచుండెడి రెండు పాత్రలతో బాహ్యజగత్తునంతటిని ప్రశ్నింపగలిగిన ఆ బుద్ధి సూక్ష్మతకు నమస్కరింపక తప్పదు.

రెండవవాడు భావవివేకుడు. కృష్ణాతీరమున, నేటి అమరావతియైన ధాన్యకటకమున ఆతడు వసించెననియు, మగధకు పోయి, విజ్ఞానమే సత్యము, బాహ్యవస్తువు లేదను విజ్ఞానవాదియగు ధర్మపాలుని వాదమునకు పిలువగా, అస్థిరమైన ఈ జీవితమున వాదించుటకు తీరిక లేదని ధర్మపాలుడు నిరాకరించెననియు హ్యుయన్ త్సాంగే చెప్పుచున్నాడు. ఆ వాదము జరిగియుండిన ఎంత బాగుండెడిది! సముదాయము వస్తుతః లేనిదన్న వాదమునకు భావవివేకుని సమాధానమిది: ఏనుగులు, గుఱ్ఱములు కూడిన సేనయు, చెట్లు కూడిన వనమును విజాతీయముల గుంపులు గావున పేరునకే వస్తువులు. కుండ అట్టిది కాదు, అందు సజాతీయములైన అణువులు ఒకదాని కొకటి తోడై నిజముగనే జ్ఞానమునకు విషయము లగుచున్నవి. కనుక లోకవ్యవహారమున బాహ్యవస్తువు సత్యమే. పరమార్థమున వస్తువునకు స్వభావము లేదన్నచో మనస్సునకును లేదు; ఒకదానిని త్రోసివేసి వేరొకదానిని నిలుపుట న్యాయము కాదు.

నా మొగ్గు భావవివేకుని వంక. మన పట్టణపు చెరువులను చూడుడు: గట్టు తెగగొట్టి, మన్ను పోసి, ఇండ్లు కట్టి, అచ్చట చెరువు ఉండెనన్న తలంపే లేని తరము వచ్చినను, పెద్దవాన కురిసిననాడు నీరు తన పల్లమును వెదకికొని ఆ ఇండ్లలోనికే వచ్చును. ఎవ్వరి మనస్సునను లేని పల్లము నీటికి ఎట్లు తెలిసినది? దిఙ్నాగుని పక్షమువారు దీనికిని వాసనాబలమని, అనగా పూర్వానుభవములు మనస్సున విడిచిన సంస్కారముల బలమని, సమాధానము చెప్పగలరు. కాని ఒక్కరి వాసన గాక, ఎరుగనివారికందరికి ఒకేచోట, ఒకేనాడు మోకాలిలోతు నీరు తోచుటకు ఆ సమాధానము చాలదని నాకు తోచుచున్నది. అంతమాత్రమున దిఙ్నాగుడు ఓడినట్లు కాదు. నల్లగండ్ల బండ మన చూపుకంటె ముందే ఉన్నదని ఒప్పుకొన్నను, దాని బూడిదవన్నెయు, చేతికి తగులు గరుకుదనమును మన ఇంద్రియములు లేక ఎట్లుండునను ప్రశ్న మిగిలియే యున్నది.

ఇట్టి గ్రంథములను మనము నిలుపుకొనలేకపోతిమి. ఆలంబనపరీక్ష సంస్కృతమూలము నశించి, టిబెటు చీనా భాషలలో మాత్రమే మిగులగా, అయ్యస్వామి శాస్త్రి దానిని తిరిగి సంస్కృతమున నిర్మించి 1942లో అడయారునుండి ప్రకటించెను. భావవివేకుని ‘మధ్యమకహృదయకారిక’ల తాళపత్రప్రతిని 1936లో రాహుల్ సాంకృత్యాయనుడు టిబెటులోని షాలు విహారమున కనుగొనెను. వేంగి, ధాన్యకటకములలో నివసించిన ఆచార్యుల ఈ రెండు గ్రంథములను పక్కపక్కన పెట్టి, పూర్వపక్ష సిద్ధాంతములతో తెలుగున పాఠము చెప్పించుటకు నల్లగండ్ల ప్రక్కనున్న ఆ విశ్వవిద్యాలయమే పూనుకొనవలెనని నా కోరిక.