క్వాలిస్ నుంచి హారియర్ ఈవీ దాకా: సైబరాబాద్‌కి 'పికప్' ఎలా వచ్చింది?

ఈమధ్య ఎక్కడికెళ్ళినా కుర్రాళ్ళు ఒకటే అడుగుతున్నారు. "అన్నా, 30 లక్షల లోపు మంచి పికప్ ఉన్న ఎస్‌యూవీ ఏది?" జవాబు చెప్తాను. కాకపోతే ఆ ప్రశ్న ఇవాళ అంత తేలిగ్గా అడగగలుగుతున్నాం అంటేనే దాని వెనక పాతికేళ్ళ కథ ఉంది. ముందు అది వినండి, షోరూమ్ మాటలు తర్వాత.

1998 నవంబర్ 22. అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. చుట్టూ బండరాళ్ళు, తుప్పలు. ఆ రోజుల్లో మన తెలుగువాళ్ళకి పెద్ద బండి అంటే సుమో. 1994లో టాటా వాళ్ళు తెచ్చారు, పేరేమో ఆ కంపెనీని నడిపిన సుమంత్ మూల్గావ్‌కర్ గారి పేరులోంచి వచ్చింది. సినిమాల్లో అది గాల్లోకి లేచేది కానీ, నిజంగా ఎక్కిన వాళ్ళకి తెలుసు, ఘాట్ ఎక్కాలంటే సుమోకి ఆయాసం వచ్చేది.

2000లో టయోటా క్వాలిస్ వచ్చింది. హైటెక్ సిటీ చరిత్ర ఎవరైనా రాస్తే అందులో క్వాలిస్‌కి ఒక చాప్టర్ పెట్టాలి. కాల్ సెంటర్ నైట్ షిఫ్ట్ క్యాబ్ అంటే అదే. దానికున్నది 75 హార్స్‌పవర్. అంత చిన్న ఇంజన్‌తో నిండా జనాన్ని ఎక్కించుకుని కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం తిరిగేది. నేనూ వెనక అడ్డ సీట్లో కూర్చుని మోకాళ్ళు గడ్డానికి తగిలించుకుని తిరిగినవాడినే. పికప్ గురించి ఎవరూ మాట్లాడలేదు. టైంకి వచ్చిందా, ఇంటి దగ్గర దించిందా, అంతే. 2005లో క్వాలిస్ ఆగిపోయింది, ఇన్నోవా వచ్చింది.

మధ్యలో 2002లో మహీంద్రా స్కార్పియో. 2.6 లీటర్ టర్బో డీజిల్, 109 హార్స్‌పవర్. ధర ఐదున్నర లక్షల దగ్గర మొదలైంది. ఇవాళ నవ్వొస్తుంది కానీ అప్పట్లో "టర్బో తన్నింది చూశావా" అని జనం మురిసిపోయారు. సొంతంగా ఎస్‌యూవీ కొనుక్కోవాలనే కోరిక మధ్యతరగతిలో పుట్టించింది స్కార్పియోనే అని నా అభిప్రాయం.

ఇక బయటి ప్రపంచంలో కథ వేరే దారిలో పోయింది. 1986లోనే లంబోర్గిని వాళ్ళు కౌంటాష్ కారులోని వీ12 ఇంజన్‌ని తీసి ఎల్‌ఎం002 అనే జీపులాంటి బండిలో పెట్టారు. పిచ్చి పని. అమ్ముడుపోయినవి కొన్ని వందలే. అసలు మలుపు 2002లో పోర్షే కయెన్. స్పోర్ట్స్ కార్ల కంపెనీ ఎస్‌యూవీ చేయడమేంటని అభిమానులు తిట్టారు. టర్బో మోడల్‌కి 450 హార్స్‌పవర్. తిట్టినవాళ్ళు తిడుతూనే ఉన్నారు, బండి మాత్రం అమ్ముడుపోతూనే ఉంది. పిల్లల్ని స్కూల్లో దింపే బండే రేసు బండి కూడా కావచ్చు అనే ఆలోచన అప్పుడు గట్టిపడింది. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఆడి అందరూ ఆ దారే పట్టారు.

అది మన దగ్గరికి రావాలంటే రెండు కావాలి. డబ్బు, రోడ్డు. డబ్బు మాదాపూర్ నుంచి వచ్చింది. రోడ్డు 2008లో వచ్చింది. ఆ ఏడాది మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది, నవంబర్‌లో గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య 22 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్ తెరిచారు. మొత్తం ఔటర్ 158 కిలోమీటర్లు. సిటీలో సిగ్నల్ దగ్గర గంటలు గడిపిన వాడికి ఎనిమిది లేన్ల రోడ్డు ఖాళీగా కనిపిస్తే కాలు ఆగుతుందా?

2013లో మెర్సిడెస్ జీ63 ఏఎంజీ ఇండియాకి వచ్చింది, 1.46 కోట్లకి. 5.5 లీటర్ల వీ8, రెండు టర్బోలు, 544 హార్స్‌పవర్. జీ-వాగన్ 1979లో పుట్టింది కొండలెక్కడానికి. ఆకారం చూడండి, ఇనప్పెట్టెలా ఉంటుంది. రెండున్నర టన్నుల బరువు. ఆ పెట్టె ఐదున్నర సెకన్ల లోపే 100 అందుకుంటుంది. 2018 జనవరిలో లంబోర్గిని ఉరుస్ వచ్చింది, 3 కోట్లు, 650 హార్స్‌పవర్, 3.6 సెకన్లు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రోడ్ల మీద ఇవి కనిపించడం మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగాలి.

2017 మే 10, తెల్లవారుజాము. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36. అదే రోడ్డు మాదాపూర్ వైపు దిగుతుంది, మీలో చాలామంది రోజూ ఆఫీసుకి వెళ్ళే దారి. ఒక జీ63 ఏఎంజీ విపరీతమైన వేగంతో వచ్చి మెట్రో పిల్లర్‌ని ఢీకొట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ గారి కొడుకు, ఆయన స్నేహితుడు, ఇద్దరూ చనిపోయారు. ఇద్దరూ ఇరవైల్లో ఉన్న కుర్రాళ్ళు. అప్పటికి నాకు తెలిసినంతలో ఇంతకంటే గట్టిగా కట్టిన బండి రోడ్డు మీద అరుదు. ఎయిర్‌బ్యాగులు, చాసిస్, అన్నీ ఉన్నాయి.

రెండేళ్ళ తర్వాత, 2019 నవంబర్‌లో, బయోడైవర్సిటీ జంక్షన్ ఫ్లైఓవర్ తెరిచిన మూడు వారాల్లోపే ఒక కారు మలుపు తిరగలేక పైనుంచి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న మహిళ ప్రాణం పోయింది. ఆ ఫ్లైఓవర్ మీద పరిమితి 40. ఆ కారు వచ్చింది దానికి రెట్టింపు పైనే. అది ఎస్‌యూవీ కూడా కాదు, మామూలు చిన్న కారు.

ఇందులో లెక్క ఒకటి ఉంది, టెన్త్ ఫిజిక్సే. బరువు రెట్టింపైతే ఢీకొట్టే శక్తి రెట్టింపు. వేగం 100 నుంచి 140కి పెరిగితే అదీ దాదాపు రెట్టింపే. టన్ను కారు 100లో వెళ్తే ఎంత శక్తో, రెండు టన్నుల ఎస్‌యూవీ 140లో వెళ్తే దానికి నాలుగింతలు. ఔటర్ మీద 2023లో మొదటి రెండు లేన్ల పరిమితిని 100 నుంచి మళ్ళీ 120 చేశారు. 120 అంటే సెకనుకి 33 మీటర్లు. ఫోన్ వైపు ఒక్క సెకను చూస్తే మూడు బస్సుల పొడవు దాటిపోయాం.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ జీ63 పికప్ ఇప్పుడు కోటీశ్వరుల సొత్తు కాదు. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ700 పెట్రోల్‌లో 200 హార్స్‌పవర్ ఇచ్చింది, 11.99 లక్షల నుంచి మొదలుపెట్టి. 2024 నవంబర్‌లో బీఈ 6 వచ్చింది. (దాని పేరు మొదట బీఈ 6ఈ. ఇండిగో ఎయిర్‌లైన్స్ '6ఈ' మాది అని కోర్టుకెళ్తే చివరి 'ఈ' తీసేశారు.) పెద్ద బ్యాటరీ మోడల్‌కి 286 హార్స్‌పవర్, 100కి 6.7 సెకన్లు, 26.9 లక్షలు. 2025 జూన్‌లో టాటా హారియర్ ఈవీ, రెండు మోటార్లు, నాలుగు చక్రాలకీ శక్తి, 6.3 సెకన్లు. జీ63తో తేడా ఒక్క సెకనే! ధర ఐదో వంతు. ఒక్కో హార్స్‌పవర్‌కి ఎంత పడిందో చూస్తే ఉరుస్‌లో 46 వేలు, బీఈ 6లో తొమ్మిదిన్నర వేల లోపు.

ధర ఎందుకు పడిందంటే మోటార్ ఒక్కటే కారణం కాదు, పన్ను కూడా. నాలుగు మీటర్లు, 1500 సీసీ, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, ఈ మూడూ దాటిన పెట్రోల్, డీజిల్ ఎస్‌యూవీ మీద చాలా ఏళ్ళు జీఎస్టీ, సెస్ కలిపి 50 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 40. ఈవీకి 5 మాత్రమే. పైగా తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 27 లక్షల పెట్రోల్ బండికి 2022 నాటి 18 శాతం రేటు వేసినా 4.86 లక్షలు కట్టాలి.

సరే, ఏది కొనాలి?

పికప్ మాత్రమే చూస్తే రెండు ఈవీలూ చాలా ఎక్కువ. సాయంత్రం ఆరున్నరకి మైండ్‌స్పేస్ నుంచి ఐకియా దాకా వెళ్ళి చూడండి, 286 హార్స్‌పవర్ అక్కడ ఏం చేస్తుందో. ఇంట్లో వాడకానికైతే నా ఓటు బీఈ 6 కంటే హారియర్ ఈవీకి. బీఈ 6 చూడ్డానికి బ్రహ్మాండం, కానీ వెనక కప్పు వాలుగా ఉంటుంది, పెద్దవాళ్ళు కూర్చుంటే ఇరుకు. హారియర్‌లో డిక్కీ 502 లీటర్లు, ఊరి నుంచి బియ్యం బస్తా, పచ్చడి జాడీలు అన్నీ పడతాయి. కుటుంబంలో ఆరేడుగురు ఉండి, నెలకి రెండుసార్లు ఊరు వెళ్ళేవాళ్ళకి ఎక్స్‌యూవీ700 డీజిల్ ఇప్పటికీ దండగ కాదు. అపార్ట్‌మెంట్‌లో ఛార్జింగ్ పాయింట్‌కి అసోసియేషన్ ఒప్పుకోకపోతే ఈవీ ఆలోచనే పక్కన పెట్టండి. సెల్లార్‌లో పార్కింగ్ వాళ్ళు 2020 అక్టోబర్ వానల్ని గుర్తు తెచ్చుకోండి. సెల్లార్‌లో నీళ్ళొస్తే ఏ బండి గ్రౌండ్ క్లియరెన్సూ చాలదు.

20 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఏడేళ్ళు. నెలకి 32 వేల పైచిలుకు, మొత్తం వడ్డీయే 7 లక్షలు. ఐటీలో ఏడేళ్ళు ఒకే జీతం మీద లెక్క వేసుకునే ధైర్యం ఇప్పుడు ఎంతమందికి ఉంది? లేకపోతే మూడేళ్ళు వాడిన బండి వెతకండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

టెస్ట్ డ్రైవ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టండి. సేల్స్ అబ్బాయి స్పోర్ట్ మోడ్ నొక్కమంటాడు. నొక్కే ముందు ఖాళీ రోడ్డు మీద 60లో ఒకసారి గట్టిగా బ్రేక్ వేసి చూడండి, రెండు టన్నులు ఎక్కడ ఆగుతాయో తెలుస్తుంది. ఈవీ అయితే ఇంకొకటి. పన్ను మినహాయింపు 2026 డిసెంబర్ 31 దాకానే. బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ చూసుకోండి. డెలివరీ ఎప్పుడిస్తారో షోరూమ్ వాళ్ళ దగ్గర రాయించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.