మూర్ఛమందు చరిత్రలో బ్రిస్బేన్ ఘట్టము

శాస్త్రములు అపస్మారమన్న వ్యాధినే మన పల్లెలలో కాకిసోమాల యనియు, మూర్ఛ యనియు వ్యవహరింతురు. పడిపోయినవాని చేతిలో తాళపుచెవుల గుత్తి నుంచుట మనమెరుగని చికిత్స కాదు. మూర్ఛ చాలవరకు కొలది నిమిషములలో తనంతట తానే తగ్గును. కీర్తి మాత్రము తాళపుచెవికి దక్కును.

పాశ్చాత్యులకును చాలకాలము ఇంతకు మించిన సాధనము లేకుండెను. 1857లో లండను వైద్యుల సభలో సర్ చార్లెస్ లోకాక్ పొటాసియం బ్రోమైడ్ వలన కొందరు స్త్రీలకు మూర్ఛలు తగ్గినవని చెప్పెను. ఆ మందు పనిచేసినమాట నిజమే. కాని అది శరీరమునుండి మిక్కిలి నెమ్మదిగా వెడలును. నిలువ పెరిగినకొలది రోగికి బుద్ధి మందగించి, ఒడలిపై పొక్కులు లేచెడివి. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ ఫినోబార్బిటాల్ గుణమును వెల్లడించెను. అది బ్రోమైడ్ కంటె మేలే, అయినను మత్తు వదలలేదు.

ఇక మా ప్రస్తావనకు ముఖ్యమైనది ఫినిటాయిన్. దీనిని 1908లోనే హైన్రిచ్ బిల్ట్జ్ అను జర్మను రసాయనికుడు తయారుచేసెను. మూర్ఛకు పనికివచ్చునని ముప్పది యేండ్లవరకు తేలలేదు. బోస్టను నగరమున ట్రేసీ పుట్నం, హౌస్టన్ మెరిట్ అను వైద్యులు పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ తెప్పించి, ఒక్కొక్క పదార్థమునే పరీక్షించి, 1938లో దీని ఫలితములను ప్రకటించిరి. మత్తు గొలుపకయే మూర్ఛను ఆపవచ్చునని రుజువైనది. మరుసటి యేడే కొందరి పంటిచిగుళ్లు ఉబ్బుటయు గమనింపబడినది.

1968, 69 సంవత్సరములలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున ఒక వింత జరిగెను. ఏండ్ల తరబడి ఈ మందును సుఖముగా వాడుచున్న రోగులు తూలుచు, మాట ముద్దయై, కనుగ్రుడ్లు అదరుచుండగా వైద్యులకడకు రాసాగిరి. ఎవరును మోతాదు పెంచలేదు. గొట్టపు మాత్రలో మందు బరువును మారలేదు. రక్తమును పరీక్షింపగా మందు మితిమీరి యున్నది. విచారింపగా తేలినదేమన, మాత్రను నింపుటకు కలుపు పొడి మారినది: మునుపటి కాల్షియం సల్ఫేట్ స్థానమున పాలచక్కెర చేరినది. కాల్షియం సల్ఫేట్ ఉన్నంతకాలము మందులో కొంత భాగము ప్రేగులలో ఇంకకయే పోవుచుండెను. పాలచక్కెరతో ఎక్కువ భాగము రక్తములో చేరెను. మోతాదు తగ్గించినంతనే రోగులు తేరుకొనిరి. ఉత్తపొడి యనుకొన్నది ఇంత పని చేసినది!

కొంచెము ఎక్కువ ఇంకినంత మాత్రమున అంత విపరీత మేల కలిగెను? చెరువు తూమును తలచుకొనుడు. తూము వదలగలిగినంత నీరే వచ్చుచున్నంతవరకు చెరువు మట్టము నిలుకడగా నుండును. ఆపైన వచ్చిన ప్రతి కడవయు మట్టమును పెంచి కట్టమీదికి తెచ్చును. ఫినిటాయిన్‌ను విరిచి పంపు కాలేయపు శక్తియు అట్టిదే. దినమునకు 300 మిల్లీగ్రాములతో కుదురుగా నున్న రోగికి 400 ఇచ్చినచో, రక్తములోని మందు మూడవవంతు గాక, కొందరిలో రెండింతలు మించి పెరుగును.

అందుచేతనే రక్తపరీక్షకు విలువ వచ్చినది. 1960లో డెన్మార్కు పరిశోధకులు బుక్తాల్, స్వెన్స్‌మార్క్ రక్తములోని మందునకును ఫలితమునకును గల సంబంధమును చూపిరి. మిల్లీలీటరునకు 10 మొదలు 20 మైక్రోగ్రాములు సాధారణముగా తగిన మట్టము. 20 దాటిన కనుగ్రుడ్ల అదురు, 30 దాటిన నడకలో తూలు, 40 దాటిన మనస్సు మసకబారుట చాలమందిలో కనబడును. అందరి శరీరము ఒక్కటి కాదు; అంకెను మాత్రమే చూచి మనిషిని చూడని వైద్యము మాకు సమ్మతము కాదు.

తూలు కనబడినదని ఇంటివారు తమంతట తాము మందు మానిపించుట మరింత ప్రమాదకరము. ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణముమీదికి తేగలవు. గర్భిణులకు ఈ మందు వలన శిశువుకు కీడు కలుగవచ్చునని 1975 నాటికి స్పష్టమయినది. కాన బిడ్డను కోరు స్త్రీ ముందుగనే వైద్యుని కలియవలెను. ఈ మందు తగ్గించు ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందమునకు నాయకుడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

బ్రిస్బేన్ సంగతిని వైద్యలోకము మరువలేదు. ఫినిటాయిన్ వాడు రోగికి ఎప్పుడును ఒకే తయారీదారు మాత్రనే ఇయ్యవలెనని 2013లో బ్రిటిషు ఔషధ నియంత్రణాధికారులు సలహా నిచ్చిరి. మందుల అంగడిలో పాత పెట్టె బదులు కొత్త పేరుగల పెట్టె చేతికిచ్చినపుడు, మాత్ర మ్రింగుటకు ముందే ఆ మాట వైద్యుని చెవిని వేయుడు.