మన్రోలప్ప చివరి మజిలీ

1827 జూలై 6, శుక్రవారం. పత్తికొండ.

ఊరి బయట డేరాలు వెలిశాయి. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో వచ్చాడని చుట్టుపక్కల పల్లెలకు కబురు పాకింది. పొద్దున్నే జనం వచ్చారు. దొర వాళ్లతో ఎప్పటిలాగే మాట్లాడాడు. చెవి కాస్త మందం కాబట్టి ఎవరేం చెప్పినా దగ్గరికి వంగి వినాలి. ఆ మందం ఈనాటిది కాదు, చిన్నప్పుడు తట్టు పోసినప్పటి నుంచీ ఉన్నదే.

దొరకు 66 ఏళ్లు. రాజీనామా ఎప్పుడో పంపించేశాడు. కొత్త గవర్నరు ఓడ దిగితే తాను ఓడ ఎక్కడమే. ఆలోగా దత్తమండలాలను కడసారి చూసి పోదామని మే నెలాఖరులో మద్రాసు నుంచి బయలుదేరాడు. దారిలో దండుకు కలరా తగిలింది. గుత్తి దాటినా అది వెంట వచ్చింది.

పొద్దున తొమ్మిది గంటలప్పుడు దొరకు ఒంట్లో బాగోలేదు.

గ్లాస్గో కుర్రవాడు

తెల్లవాడు కనబడితే మన పెద్దలకు ఇంగ్లీషు దొరే. నిజానికి మన్రోది స్కాట్లండు. 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రావడంతో ఆ వ్యాపారం మునిగింది. కలిగిన ఇల్లు చితికిపోయింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి 18 ఏళ్లు. ఆ ఏడే హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు.

ఇండియా పోయినవాడు బంగారంలో తులతూగుతాడని స్వదేశంలో అందరి నమ్మకం. చెల్లెలు ఎర్‌స్కిన్‌కు మన్రో రాసిన ఉత్తరం చదివితే ఆ భ్రమ పోతుంది. నాలుగు కర్రలకు బిగించిన కాన్వాసు గుడ్డే తన మంచమని రాశాడు. తలకింద ఒకనాడు పుస్తకం, ఒకనాడు తూటాల సంచి. ఆ కాన్వాసు మంచం మీద పడుకుంటూనే జీతంలో మిగిల్చి తండ్రికి డబ్బు పంపాడు. పదేళ్లు, ఇరవయ్యేళ్లు గడిచాయి. అమ్మానాన్నలతో, తోబుట్టువులతో బంధమంతా ఉత్తరాల్లోనే సాగింది.

1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది. మరుసటి ఏడాది నిజాం మన సీమను కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. బళ్లారి, అనంతపురం, కడపలతో పాటు ఆదోని తాలూకా కూడా పోయింది. ఆదోని దగ్గరి పెద్దకడుబూరు రైతుకు రాత్రికి రాత్రే యజమాని మారాడు. ఈ సీమకంతటికీ ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు మన్రో.

33 అడుగుల గొలుసు

అప్పటికి ఈ నేల ఎన్ని చేతులు మారిందో! ఆదోని కోటనే చూడండి. బసాలత్ జంగ్ ఏలాడు, 1786లో టిప్పు పట్టుకున్నాడు, మళ్లీ నిజాం వచ్చాడు. ఎవరు వచ్చినా రైతు గాదె ఖాళీ. దానికి తోడు 80 మంది పాలెగాళ్లు. మన్రో వాళ్లను అణిచాడు. కొందరు కోటలు పోగొట్టుకున్నారు, కొందరు భరణాలతో సరిపెట్టుకున్నారు. ఆ వంశాలవాళ్లు ఈ కథ చెబితే వేరేగా చెబుతారు. వాళ్ల బాధ కూడా నిజమే.

మన్రో ఏడేళ్లు డేరాల్లోనే కాపురం చేశాడు. 1802లో భూమి కొలతలు మొదలుపెట్టించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసుతో 40 చదరాలు తేలితే ఒక ఎకరా. నల్లరేగడిలో, ఎర్రనేలలో, గులకరాళ్ల చెలకల్లో ఆ గొలుసు లాగారు. జమీందారును నడుమ పెట్టకుండా ప్రతి రైతు పేరునా శిస్తు కట్టారు. రైత్వారీ అంటే ఇదే. మన పట్టాదారు అనే మాటకు బలం వచ్చింది ఇక్కడి నుంచే.

అయితే ఆ శిస్తు తేలికైనది కాదు. పండిన దాంట్లో నూటికి దాదాపు 45 వంతులు సర్కారుకే పోయేవి. వసూలు చేసినవాడికే అది అన్యాయమని తోచింది. నాలుగో వంతు తగ్గించండి, రైతు నిలబడతాడు అని 1807లో పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. పదమూడేళ్ల తర్వాత, 1820లో తానే గవర్నరై వచ్చి ఆ తగ్గింపు అమలు చేశాడు. అధికారి బదిలీ అయితే ఫైలు మూలబడటమే మనకు తెలుసు. ఈయన సముద్రాలు దాటి వెళ్లి కూడా ఆ మాట మరువలేదు. ఈ మనిషిని నేను గౌరవించేది ఇందుకే.

పక్కవాళ్లకు కనబడనిది

పెద్దకడుబూరుకు ఉత్తరాన, తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం. ఆ రోజుల్లో మంచాల గ్రామం. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ రాఘవేంద్రస్వామికి ఇచ్చిన ఊరది. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేశారు. మఠం ఈనాం విచారించడానికి మన్రో అక్కడికి వెళ్లాడంటారు. బూట్లు విప్పాడు, టోపీ తీశాడు, బృందావనం ముందు నిలబడి మాట్లాడసాగాడు. ప్రశ్న అడుగుతాడు, కాసేపు వింటాడు, తలాడిస్తాడు. పక్కనున్నవాళ్లకు ఎవరూ కనబడరు, ఏమీ వినబడదు. స్వామి దర్శనమిచ్చి సందేహం తీర్చారని, ఈనాం నిలిచిందని జనం చెప్పుకున్నారు. బళ్లారి జిల్లా గెజెటీరులోకి కూడా ఈ కథ ఎక్కింది.

కడప జిల్లా గండిలో ఇంకో కథ ఉంది. పాపాఘ్ని రెండు కొండల నడుమ నుంచి పారే చోట, శ్రీరాముడి కోసం వాయుదేవుడు బంగారు తోరణం కట్టాడట. అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గర పడ్డప్పుడే కనబడుతుందట. మన్రో తలెత్తి చూసి, ఈ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్న ముసలి నౌకరు గుండె గుభిల్లుమంది.

రెండు కథల్లోనూ దొరకు దక్కింది ఒకటే: పక్కవాళ్లకు కనబడనిది చూడగలగడం. పొలం గట్టు దాకా వచ్చి తమ గోడు చూసిన మనిషికి జనం ఇచ్చుకున్న బిరుదు అది.

ఓడ మీద పుట్టిన బిడ్డ

అంత చూపున్న మనిషి చూడలేనిది ఒకటుంది, సొంత ఇల్లు.

పెళ్లినాటికే ఆయనకు 52 ఏళ్లు. 1814 మార్చి 30న జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లాడాడు. 1817-18లో మరాఠా యుద్ధంలో మళ్లీ కత్తి పట్టాడు. 1819లో స్వదేశానికి పోతుంటే, అజోర్స్ దీవుల దగ్గర నడిసముద్రంలో పెద్దకొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు. ఆ ఏడు చివరలోనే గవర్నరు పదవి పిలిచింది. పసివాణ్ని స్కాట్లండులో వదిలి భార్యాభర్తలు మద్రాసు ఓడ ఎక్కారు.

1823లో మద్రాసులో చిన్నకొడుకు క్యాంప్‌బెల్ పుట్టాడు. 1825లో మన్రోకు వంశపారంపర్యంగా వచ్చే బారొనెట్ బిరుదు ఇచ్చారు. మరుసటి ఏడు పిల్లవాడికి జబ్బు చేసింది. ఇక్కడి గాలి పడదని తల్లి బిడ్డను తీసుకుని మార్చిలో ఓడ ఎక్కింది. తర్వాత మన్రో ఒంటరిగా గిండీ బంగళాకు వెళ్లాడు. పిల్లవాడి సందడి లేని ఆ ఇల్లు ఎలా ఉందో భార్యకు ఉత్తరం రాశాడు. నిన్నటిదాకా బుడిబుడి అడుగులతో తిరిగిన గదులు ఇప్పుడు నిశ్శబ్దం. కూతురిని అత్తారింటికి, కొడుకును గల్ఫుకు పంపిన మన ఇళ్లలో ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

రాత్రి తొమ్మిదిన్నర

పత్తికొండ డేరాలో ఎండ తిరిగింది. ఈ జబ్బు అంటుకుంటుంది, మీరంతా బయటికి వెళ్లండని దొర పదేపదే చెప్పాడు. ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం కాస్త తెరిపి ఇచ్చింది. సాయంత్రానికి నీరసించాడు. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో ప్రాణం పోయింది.

మర్నాడు గుత్తి కొండ కింద పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. పత్తికొండలో ప్రాణం పోయిన చోట తోపు వేసి బావి తవ్వించారు. చావు కబురు ఓడెక్కి సముద్రాలు దాటి జేన్‌కు చేరేసరికి నెలలు పట్టింది. పెద్దవాడికి ఎనిమిదేళ్లు. ఆర్నెల్ల పసివాడుగా ఉన్నప్పుడు చూసిందే, తండ్రి మళ్లీ చూడలేదు.

మద్రాసులో 1839లో నిలబెట్టిన గుర్రం బొమ్మను అందరూ చూస్తారు. మన సీమ చేసింది ఇంకొకటి. దత్తమండలాల తల్లులు కన్నబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పొద్దుగూకే వేళ మేకల్ని తోలుకొస్తూ ఆలస్యం చేసిన పిల్లవాణ్ని ఏ తల్లో వాకిట్లో నిలబడి కేకేసే ఉంటుంది: "రేయ్ మన్రోలప్పా, ఇంటికి రారా!"