చిత్తూరు సీమలో ఇంగ్లీషు చదువు

“ఇంగ్లీషు బి.ఏ. చదివినచో ఏ ఉద్యోగము దొరకును?” అను ప్రశ్న రాయలసీమలోని తలిదండ్రులకు క్రొత్తది కాదు. వానను నమ్మరాని ఈ మెట్టసీమలో వేరుసెనగ పండిన ఏట పిల్లవానిని కాలేజీకి పంపుట, ఎండిన ఏట అప్పు చేసియైనను పంపుట మన యిండ్లలో తరతరములుగా జరుగుచున్న పని. అంత కష్టముతో కొన్న చదువు కూడు పెట్టునా అని అడుగుట న్యాయమే. ఇందుకు సమాధానము కొంత ఉద్యోగ ప్రకటనలలో దొరకును; కొంత చరిత్రలో దొరకును. చరిత్రలోని దానిని ముందుగా చూతము.

ఇంగ్లీషు చదువునకును ఉద్యోగమునకును ముడి వేసినది దొరతనమే. 1835లో మెకాలే తన ప్రసిద్ధమైన అభిప్రాయ పత్రమును వ్రాసెను. 1844లో గవర్నరు జనరలు హార్డింజి, ప్రభుత్వోద్యోగములలో ఇంగ్లీషు నేర్చినవారికి ప్రాధాన్యమిచ్చు పద్ధతిని ప్రకటించెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసెను. ఇందులో ఒక చిత్రము కలదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యమునకు ప్రత్యేకమైన పట్టపరీక్ష 1917లో గాని ఏర్పడలేదు. మన పిల్లలు అప్పటికే ఎన్నో దశాబ్దములుగా షేక్స్పియరును, మిల్టనును పరీక్షల కొరకు వల్లించుచుండిరి. ఆ చదువు రసాస్వాదనకై మొదలైనది కాదు. కచ్చేరీలకు గుమాస్తాలు, కోర్టులకు వకీళ్లు, బడులకు పంతుళ్లు కావలసి మొదలైనది. కనుక చదువులో జీతమును వెదకు నేటి తండ్రిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు.

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకు పూర్వము ఈ ప్రాంతపు విద్యార్థులు పై చదువునకు రాయవేలూరికో, మదరాసుకో పోవుచుండిరి. సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుత్తణిలో జన్మించి, తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో చదివి, రాయవేలూరు మీదుగా మదరాసు క్రైస్తవ కళాశాల చేరిరి. వారి పట్టము తత్త్వశాస్త్రములోనిది. అయినను, మన దర్శనములను పశ్చిమ దేశీయులకు వారి భాషలోనే సుబోధకముగా చెప్పగలిగినందువలననే 1936లో ఆక్స్ఫర్డులో ఆచార్యపీఠము వారిని వరించినది. అచట వారికి ఇంగ్లీషు పనిముట్టు. చెప్పవలసిన సరకు ఇంటినుండి తెచ్చుకొన్నదే.

అదే క్రైస్తవ కళాశాలలో చదివిన మరియొకరు చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు. ఆయన కేంబ్రిడ్జికి పోయి, అచటి విద్యార్థుల వాదసభకు ఉపాధ్యక్షుడై, తన ఇంగ్లీషు వక్తృత్వముచే పేరుగాంచెను. తరువాత మైసూరులో విద్యాశాఖను నడిపి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడయ్యెను. ఇవి లోకమెరిగిన పదవులు. మేము గుర్తుచేయదలచినది వేరు. మదరాసులో ఇంగ్లీషు చదువు చదువుచున్న దినములలోనే ఆయన “ముసలమ్మ మరణము” అను తెలుగు కావ్యమును వ్రాసెను. అది గ్రీకు కథయు కాదు, రాజుల కథయు కాదు; అనంతపురము వైపు చెరువుకట్ట తెగకుండుటకై ప్రాణమిచ్చిన ఒక పల్లెటూరి కోడలి కథ. 1914 నాటి “కవిత్వతత్త్వ విచారము”లో పింగళి సూరన “కళాపూర్ణోదయము”ను పాశ్చాత్య విమర్శ దృష్టితో పరిశీలించి, తెలుగు విమర్శకు క్రొత్త బాట వేసెను. ఆంగ్ల విద్య ఆయనను ఇంటికి దూరము చేయలేదు. ఇంటిని క్రొత్త కంటితో చూపినది.

1915లో అనీబిసెంటుగారు మదనపల్లెలో కళాశాలను స్థాపించిరి. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ అచట ప్రిన్సిపాలుగా పనిచేసెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు అచట కొన్నాళ్లు విశ్రమించి, తమ “జనగణమన” గీతమును అచటనే స్వయముగా ఇంగ్లీషులోనికి అనువదించిరి. మార్గరెట్ కజిన్స్ దాని స్వరమును లిఖితరూపమున నిలిపెను. అనువాదము రెండవ రకపు పని యని తలచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

తిరుపతిలో 1945లో దేవస్థానమువారు శ్రీ వేంకటేశ్వర కళాశాలను, 1952లో బాలికలకు శ్రీ పద్మావతి కళాశాలను నెలకొల్పిరి. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో రాయలసీమకు అనంతపురములో విశ్వవిద్యాలయ కేంద్రము నిచ్చుటకు మాట యుండెను. తుదకు 1954లో విశ్వవిద్యాలయము తిరుపతిలో వెలసినది. అనంతపురమునకు 1981లో తనదైన విశ్వవిద్యాలయము దక్కినది. దీనితో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుటకు మదరాసులో గదియద్దె కట్టవలసిన అవసరము తప్పెను. స్థోమత లేని యిండ్ల బిడ్డలకు ఇదియే పెద్ద ద్వారము. మిల్టను పరిశోధకులును, ఇంగ్లీషులో నవలలు వ్రాసినవారును అయిన ఎం.వి. రామశర్మగారు ఈ విశ్వవిద్యాలయమున ఆంగ్లమును బోధించిరి.

ద్వారము తెరచుకొన్నంత మాత్రమున చదువు ఫలించునా? నోట్సు కంఠస్థము చేసి పట్టము పుచ్చుకొని, నాలుగు వాక్యములు సొంతముగా వ్రాయలేక కూర్చున్నవారును మనలో కలరు. పద్యమునకు తాత్పర్యము చెప్పగలిగి, వచ్చిన ఉత్తరమునకు జవాబు వ్రాయజాలని చదువు అర చదువే. భాషాబోధనను శాస్త్రీయముగా సాగించుటకే 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ ఏర్పడినది. అది 1972లో విదేశీ భాషలను గూడ చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది.

ఇక ఉద్యోగముల మాట. బి.ఏ. తరువాత బి.ఎడ్. చదివినవారికి పాఠశాలలో ఆంగ్లోపాధ్యాయ పదవి కలదు. కళాశాలలో బోధింపగోరువారికి ఎం.ఏ.తో పాటు, 1989లో మొదలైన జాతీయ అర్హతా పరీక్ష వంటివి కావలెను. పత్రికలు, ఆకాశవాణి, ప్రచురణ సంస్థలు, అనువాదము, న్యాయవాద వృత్తి, పోటీ పరీక్షలు, దేశదేశముల యాత్రికులు వచ్చు తిరుపతిలో పర్యాటక వృత్తి, నగరములలోని కంప్యూటరు సంస్థలలో వ్రాతపని ఇవన్నియు ఈ పట్టభద్రునికి తెరచియున్న దారులే. అయితే వీటిలో ఏదియు పట్టమును చూచి మాత్రమే పిలువదు. తెలుగు వార్తను ఇంగ్లీషులోనికి, ఇంగ్లీషు తీర్పును తెలుగులోనికి తప్పు లేకుండ తేగలవానిని మాత్రము పలువురు పిలుతురు.

ఇది ఊరక చెప్పు మాట కాదు. మదనపల్లె కళాశాలలో ఇంగ్లీషు బోధించిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది “కథాశిల్పము” అను తెలుగు విమర్శ గ్రంథమునకు. తిరుపతి విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యులుగా పనిచేసిన మధురాంతకం నరేంద్రగారికి 2022లో అదే బహుమానము వచ్చినది “మనోధర్మపరాగం” అను తెలుగు నవలకు. కట్టమంచివారు వేసిన బాట నూరేండ్లు దాటినను పూడిపోలేదు.

కావున బిడ్డను ఇంగ్లీషు చదువునకు పంపదలచిన తలిదండ్రులకు మేము చెప్పునది ఇంతే. జీతమును గూర్చి నిస్సంకోచముగా అడుగుడు. దానితోపాటు మరియొక ప్రశ్న కూడ అడుగుడు: “చదివిన ఇంగ్లీషు పుటలోని సంగతి అవ్వకు అర్థమగునట్లు తెలుగులో చెప్పగలవా?” చెప్పగలిగిన బిడ్డ చదువుపై పెట్టిన పైకము వృథా కాదు. చెప్పలేని బిడ్డకు ఎన్ని పట్టములున్నను, ఇంకను నేర్వవలసినది మిగిలియున్నదని యెరుగుడు.